బెల్లం మండీలో షుగర్ మిషను

ఒంట్లో చక్కెరను మూడు రోజులు ఆగకుండా కొలిచే మిషన్ను సొంత డబ్బు పోసి కొన్న మనుషుల్లో, కర్నూలు, కడప జిల్లాలు రెండూ కలిపి చూసినా, మొదటివాణ్ణి నేనే. ఈ మాట చాలా పెళ్ళిళ్ళలో చెప్పుకున్నాను. ఒకటి రెండు పెద్దకర్మ భోజనాల దగ్గర కూడా చెప్పుకున్నాను. రెండోవాడు ఎవరని ఎవరైనా అడిగితే మాత్రం మాట మారుస్తాను. నాకు తెలిసి రెండోవాడు లేడు. దాన్నిబట్టి ఆ కొనుగోలు ఎంత తెలివైనదో మీరే అంచనా కట్టుకోవచ్చు.

ఇంకో గొప్ప కూడా ఉంది. వాళ్ళు చెప్పిన ధరకు నేను దాన్ని కొనలేదు. మా నాయనది నంద్యాలలో పచారీ అంగడి. చెప్పిన ధరకు కొంటే మా ఇంట్లో ఆ పూట అన్నం పెట్టేవాళ్ళు కాదు. నేను అంగడి వదిలి, కర్నూలులో డాక్టర్లకు బీపీ మిషన్లు, గ్లూకోమీటర్లు, వాటి పట్టీలు సరఫరా చేసే పనిలో పడినా బుద్ధి మాత్రం గల్లాపెట్టె దగ్గరే ఉండిపోయింది. హైదరాబాదు నుంచి వచ్చిన కంపెనీ మనిషిని మూడు గంటలు కూర్చోబెట్టాను. నాలుగు టీలు తాగించాను. లేచి వెళ్ళిపోతున్నట్టు రెండుసార్లు నటించాను. చివరికి ఆయన చెమట తుడుచుకుని, "సరే సార్, మిషను మీరన్న రేటుకే. సెన్సార్లు మాత్రం ఒకేసారి ఇరవై తీసుకోండి. అవి సగం ధరకే ఇస్తాను" అన్నాడు.

సగం ధర అన్న మాట చెవిన పడ్డాక మా వంశంలో ఎవరికీ ఆ తరువాతి మాట వినబడదు. ఇంటికి వచ్చి డబ్బా తిప్పి చూస్తే గడువు ఇంకా పదకొండు వారాలే ఉంది. ఆయన ఎందుకు చెమట తుడుచుకున్నాడో, తుడుచుకుంటూ ఎందుకు నవ్వు దాచుకున్నాడో అప్పుడు అర్థమైంది.

ఇప్పటి పిల్లలు జబ్బకు రూపాయి బిళ్ళంత ముక్క అంటించుకుని, ఫోనులో గీత చూసుకుంటూ ఇడ్లీ తింటున్నారు. రెండు వేల సంవత్సరం దాటిన ఆ తొలి ఏళ్ళలో సంగతి అట్లా ఉండేది కాదు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద డబ్బా, దానికో వైరు, వైరు చివర దారమంత సన్నని తీగ. ఆ తీగనే సెన్సారు అంటారు. దాన్ని సూదితో పొట్ట మీద చర్మం కిందికి దింపి ప్లాస్టరు వేయాలి. డబ్బాను నడుముకు తగిలించుకుని మూడు రోజులు తిరగాలి. చిత్రమేమిటంటే, ఆ మూడు రోజులూ ఆ మనిషికి తన షుగరు ఎంతో కనబడదు. తెర మీద కనబడేది తీగలోంచి వచ్చే కరెంటు తాలూకు చిన్న అంకె ఒకటి మాత్రమే. రోజుకు నాలుగుసార్లు మామూలు మీటరుతో వేలు పొడిచి రక్తం చూసుకుని, ఆ అంకెను డబ్బాలోకి నొక్కుతూ ఉండాలి. చివర్లో కంప్యూటరుకు కలిపితే, అది ఆ వేలి అంకెలను ఆధారం చేసుకుని మూడు రోజుల షుగరును ఒక గీతగా గీసి ఇస్తుంది.

అంటే తక్కెడ మాది. పడికట్టు రాళ్ళు రోగి ఇంటి నుంచి రావాలి. రాయి తప్పయితే తూకమంతా తప్పే. అంగట్లో పుట్టినవాడికి ఈ మాట అందరికంటే ముందు తట్టాలి. నాకు తట్టలేదు. ఆ తట్టకపోవడం గురించే ఇదంతా రాస్తున్నాను.

సెన్సార్లు చల్లగా ఉండాలి గనక మా ఇంటి ఫ్రిజ్‌లో, దోసెపిండికీ గోంగూర పచ్చడికీ మధ్య చోటు చూశాను. మా ఆవిడ రోజూ వాటిని లెక్కపెట్టేది, ఎన్ని తగ్గాయో చూడటానికి కాదు, ఎన్ని తగ్గలేదో నాకు గుర్తు చేయడానికి. ఐసు ముక్కల ఫ్లాస్కులో రెండు వేసుకుని బస్సులెక్కాను. బేతంచెర్లలో బండల పాలిషింగు ఫ్యాక్టరీ ఆయనకు షుగరు ఉందని తెలిసి వెళితే, ఆయన డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, "రాయి కోసే నీళ్ళల్లో దినమంతా తడుస్తాండా. ఇది తడవకూడదంటావు. ఏంటికప్పా నాకిది?" అన్నాడు. మంత్రాలయంలో యాత్రికులకు హోటలు నడిపే ఆయన ఇంకా సూటిగా అడిగాడు. "మూడు దినాలు తలస్నానం లేకుండా నేను మఠం ముందర ఎట్ల నిలబడేది? షుగరుతో పోతే ఒక్కసారి పోతా. మైలతో నిలబడితే దినమూ పోతా." ఆయనతో బేరం పెట్టుకోవడానికి నాకే సిగ్గేసింది. ఐదు వారాలు గడిచేసరికి అమ్మినవి ఆరు.

ఆ సమయంలో నన్ను పిలిచింది కర్నూలు పాతబస్తీలో క్లినిక్ నడిపే ఒక డాక్టరు. జాలిపడి కాదు, తన అవసరం కొద్దీ. ఆయన దగ్గర ల్యాబు చూసే పెద్దాయన ఒకడు ఉండేవాడు. అందరూ భాయ్ అనేవాళ్ళు. డాక్టరు కంటే వయసులో పెద్ద, డాక్టరు కంటే జీతం తక్కువ, డాక్టరు కంటే మాట ఎక్కువ.

"బెల్లం మండీ సావుకారు ఒకాయన ఉన్నాడయ్యా" అన్నాడు డాక్టరు. "ఇన్సులిన్ మీద ఉన్నాడు. ఇంట్లో మీటరుతో చూసుకుని అంకెలు రాసుకొస్తాడు. పొద్దున పరగడుపున బాగుంటుంది. మండీలో కూర్చున్నాక మధ్యాహ్నం, సాయంత్రం మూడు వందల పైనే. ఆ అంకెలు చూసి పొద్దుటి డోసు రెండుసార్లు పెంచాను. అన్నానికి ముందు ఎక్కువ ఉంటే ఇంకో నాలుగు యూనిట్లు వేసుకోమని చీటీ రాసిచ్చాను. ఇక్కడికి వచ్చిన రోజు భాయ్ నరంలోంచి తీసి చూస్తే నూటనలభై. మూడు నెలల సగటు పరీక్ష హైదరాబాదుకు పంపితే అదీ బాగానే వచ్చింది. ఇద్దరు సాక్షులు, రెండు మాటలు. నాకు మూడో సాక్షి కావాలి."

భాయ్ పరీక్ష గొట్టాలు కడుగుతూనే అందుకున్నాడు. "సాక్షి ఏంటికి సార్? తూనికల ఇన్‌స్పెక్టరు వచ్చే దినం ఎవరి కాటా అయినా సరిగ్గానే ఉంటాది. మీ దగ్గరికి వచ్చే దినం ఆయన నాలిక కట్టేసుకుంటాడు. మండీలో విప్పుతాడు."

నాలుక సంగతి చెప్పాలి. బెల్లం వ్యాపారికి నాలుకే కాటా. అచ్చు అంచు విరిచి, చిన్న పలుకు నాలుక మీద వేసుకుని, అది ఏ నేలలో పండిన చెరకో, పాకం ఎంత ముదిరిందో, సున్నం ఎక్కువ పడిందో లేదో చెప్పేస్తారు. ఈ సావుకారుకు ఆ విద్యలో పేరు. లారీలో నలభై మంది రైతుల సరుకు కలిసిపోయినా ఎవరిది ఏదో వేరు చేసి పెట్టేవాడట. షుగరు ముదిరాక డాక్టరు వద్దన్నాడు. భార్య ఒట్టు పెట్టించుకుంది. ఎనిమిది నెలలుగా బెల్లం నాలుక మీద పెట్టలేదని ఆయన అంటాడు. మూడు వందల అంకెలు చూసినవాళ్ళెవరూ నమ్మరు.

క్లినిక్‌కు భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆయన పొడుగ్గా, యాభై దాటి, భుజాన తువ్వాలుతో ఉన్నాడు. కూర్చోగానే ఆమె మొదలుపెట్టింది.

"మద్దేన్నమైతే చెమటలు, కోపం. నిన్న కూలీలను తిట్టి, ఏం తిట్టినాడో ఆయనకే గుర్తులేదు. ఏమప్పా, నాలిక మింద పెట్టకపోతే మూడు నూర్లు యాడినుంచి వస్తాండాది? గాలికొస్తాందా?"

ఆయన ఆమె వైపు కాక నా వైపు తిరిగాడు. "ముప్పై ఏండ్ల యాపారం. రైతుతో ఒక మాట, బేరగానితో ఒక మాట నేను ఎన్నడూ ఆడలే. ఇప్పుడు ఇంట్లో దొంగనైనా. నీ డబ్బా నిజం చెప్తాదా?"

"కుండ బద్దలు కొట్టినట్టు చెబుతుందన్నా" అన్నాను. అమ్మేవాడు ఇంకేమంటాడు!

భాయ్ సెన్సారు దింపాడు. డబ్బాను మొలతాడుకు తగిలించాం. నేను వాడుక చెప్పాను. "పూటపూటకూ వేలు పొడువు, అంకె నొక్కు, అంతే అన్నా. పిల్లల ఆట." ఇంగ్లీషు కాగితం ఒకటి చేతిలో పెట్టాను. అందులో చేయవలసిన పనులు చాలా ఉన్నాయి. అవన్నీ చెబితే కొనేవాడు జంకుతాడని, పని ఎంత తేలికో చెప్పడమే నా పద్ధతి. కాగితంలో మొదటి వాక్యమే నేను చెప్పనిది.

రెండో రోజు నుంచే ఆమె ఫోన్లు. "మీ డబ్బా కూతలు పెడతాందప్పా. మండీలో అందరూ నవ్వుతాండారు." ఏ మీట నొక్కితే కూత ఆగుతుందో చెప్పాను. ఎందుకు కూస్తోందో అడగలేదు. వేలి అంకెకూ తీగ అంకెకూ పొత్తు కుదరకపోతే అది అట్లా కూస్తుంది.

మూడు రోజులైంది. కంప్యూటరుకు కలిపాం. ప్రతి ఉదయం గీత చక్కగా బయలుదేరి, మధ్యాహ్నానికి తెగిపోయింది. అంకెలు కలవడం లేదని కింద ఒక వరస హెచ్చరికలు.

"ఏందయ్యా ఇది?" అన్నాడు డాక్టరు.

నా చూపు సెన్సారు డబ్బా మీది తేదీ వైపు పోయింది. సగం ధర గుర్తొచ్చింది. సరుకు పాచిపోయిందని డాక్టరుకు తెలిస్తే మిగిలిన పదమూడూ మా ఫ్రిజ్‌లోనే తద్దినం పెట్టించుకుంటాయి. ఊపిరి తీసుకునేంత సేపు కూడా ఆలోచించకుండా అన్నాను. "వైరు లాగేసుకున్నట్టున్నాడు సార్. మండీలో ఏదైనా నోట్లో వేసుకునేటప్పుడు గీత పడకుండా."

అందరూ తలూపారు. అందరికీ సరిపోయే అబద్ధం అది.

సావుకారు నిలబడ్డాడు. "వైరు నేను ముట్టుకోలేదప్పా."

"పోనీలే అన్నా, ఇంకోటి వేద్దాం" అని, అయిపోయిన మొదటిదానికి బిల్లు రాసిచ్చాను. సెన్సారు ఒకటి, పూర్తి ధర. ఆయన బేరం చేయకుండా ఇచ్చేశాడు. బేరం చేయని వ్యాపారి అంటే మనసు విరిగిన వ్యాపారి అని నాకు తెలుసు. తెలిసీ నోట్లు లెక్కపెట్టుకున్నాను. రెండోది పెట్టేదాకా చీటీ ప్రకారమే నడవమన్నాడు డాక్టరు.

వాళ్ళు వెళ్ళాక భాయ్ నాకు టీ పోశాడు. అది మంచి సూచన కాదు.

"ఏం సేఠ్, తేదీ నేనూ చూసినా. ఆ మనిషి మింద తోసేస్తివి కదా."

"నీకెట్లా తెలుసు భాయ్, నిజంగానే లాగాడేమో!"

"అరె, తెలుసుకునేదానికి దారి ఉండాది కదా. నీ సరుకు పాచిపోయిందో లేదో నీ కడుపుకే గుచ్చుకుని చూసుకో. ఉప్మాకు ఉప్పు సరిపోయిందో లేదో ఊరోళ్ళకు పెట్టి చూస్తారా ఎవరైనా?"

అట్లా నా సరుకుకు ఎనిమిదో గిరాకీని నేనే అయ్యాను. పొట్టకు తీగ, నడుముకు డబ్బా వేసుకుని మూడు రోజులు ఊరంతా తిరిగాను. పూటపూటకూ భాయ్ ల్యాబుకు పోయి వేలు చాచేవాణ్ణి. మొదటి రోజు క్లినిక్ ఎదుటి బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తిని అట్లాగే పోతే, మీటరు వెనక్కి లాక్కున్నాడు.

"ముందు కుళాయి కాడికి పో. ఆ నూనె చేతులతో నా మీటరు ముట్టుకుంటే రేపు దాన్నీ బజ్జీలో వేయాల్సి వస్తాది."

నవ్వి చేతులు కడుక్కున్నాను. అంతకంటే ఏమీ ఆలోచించలేదు. ఆ మూడు రోజులూ తెర మీది చిన్న అంకెను గమనిస్తూ ఉండటం మాత్రం అలవాటైంది. ఆకలైతే అది దిగేది. టీ తాగితే ఎక్కేది. మీటరు కూడా దానితో పాటే దిగేది, ఎక్కేది. జత ఎద్దుల్లా నడిచాయి రెండూ.

మూడో రోజు గీత వచ్చింది. ఎక్కడా తెగలేదు. సరుకు బంగారం. కాకపోతే నేను టీ తాగిన ప్రతిచోటా గీత కొండెక్కి కూర్చుంది. భాయ్ దాన్ని వేలితో తడిమి, "సేఠ్, ఒక సెన్సారుకు రెండు బేరాలు. సరుకు మంచిదే. సరుకు వేసుకున్నోనికి కూడా షుగరుండాది" అన్నాడు.

ఆ కబురుకు దిగులు పడవలసినవాణ్ణి. సంతోషించాను. ఎందుకంటే సరుకు మంచిదైతే వైరు ఆయనే లాగి ఉండాలి. నేను చెప్పిన అబద్ధం దానంతట అదే నిజమైపోయింది. మనిషికి ఇంతకంటే అదృష్టం ఏముంటుంది!

రెండో సెన్సారు వేసిన మర్నాడు పొద్దున్నే సావుకారు భార్య ఫోను చేసింది. "నువ్వే వచ్చి కూర్చోప్పా. వైరు పీకుతాడో, బెల్లం తింటాడో నీ కండ్లతో చూడు. ఈ రెంటికీ నేను కాపలా ఉండలేను."

వాళ్ళ ఇల్లు మండీ వెనకే. నేను పోయేసరికి ఆయన స్నానం చేసి, పరగడుపున వేలు పొడుచుకుని ఉన్నాడు. మీటరులో నూటపద్దెనిమిది. డబ్బా తెర మీద ఇరవై రెండు. అలవాటు కొద్దీ రెండూ కాగితం మీద రాసుకున్నాను. ఆయన ఇన్సులిన్ వేసుకుని, రెండు దోసెలు తిని మండీలోకి వచ్చాడు. నేను ఆయన కూర్చునే గద్దె పక్కన బస్తా మీద కూర్చున్నాను.

"ఏమప్పా, పోలీసు డ్యూటీనా?" అన్నాడు.

"వదిన పంపిందన్నా."

"కూర్చో. జీతమెంతో ఆమెనే అడుగు."

చిత్తూరు వైపు నుంచి లారీ వచ్చింది. అచ్చులు దించుతున్నారు. ఆయన ఒక్కొక్క రైతు సరుకు దగ్గరికి పోయి, కుడిచేత్తో అంచు విరిచి, పలుకును ఎడమచేతి వేళ్ళ మధ్య వేసి నలిపేవాడు. ఎంత జిగురుందో, ఎంత పొడి రాలుతుందో చూసేవాడు. వెలుగులో పట్టి రంగు చూసేవాడు. నాలుకతో ఒక్క క్షణంలో తేలే పనికి ఇప్పుడు వేళ్ళతో ఐదు నిమిషాలు పడుతోంది. తువ్వాలుకు చేయి తుడిచేవాడు. మళ్ళీ ఇంకో అచ్చు. నేను రెప్ప వేయకుండా ఆయన నోటినే చూస్తున్నాను. రెండు గంటలసేపు నాలుక బయటికి రాలేదు. చేయి వైరు వైపు పోలేదు.

చూడవలసింది వేళ్ళను. నేను నోటిని చూస్తూ కూర్చున్నాను.

పదకొండున్నర ప్రాంతంలో ఆదోని బేరగాడు వచ్చాడు. ఆ మండీలో పెద్ద బేరం నోటితో చేయరు. ఇద్దరూ చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు. లోపల ఎన్ని వేళ్ళు పడితే అంత ధర. చుట్టూ ఉన్నవాళ్ళకు ముఖాలు తప్ప ఏమీ కనబడదు. అట్లా పట్టుకున్నాక బేరగాడు ఒక్కసారిగా తువ్వాలు తీసేశాడు.

"ఏం సావుకారూ! ఈ ధరకు నువ్వు నాకు అమ్ముతాండావా, లేకుంటే దానం చేస్తాండావా? కొన్నదానికంటే తక్కువ పడితివి కదా!"

సావుకారు ఆయన వైపు చూశాడు. నుదుటిమీద చెమట పోస్తోంది. "నీకు... నీకేంటికి... పోరా" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. ఆయన ఎవరినీ రా అనే మనిషి కాదు. బేరగాడు నొచ్చుకోలేదు, భయపడ్డాడు.

"అన్నకు మద్దేన్నపు కోపం వచ్చింది" అన్నారు కూలీలు. వాళ్ళకు అలవాటే.

సావుకారు గద్దె మీద కూలబడి మీటరు తీశాడు. అన్నం వేళ. ఎడమచేతి వేలు పొడిచి పట్టీకి అంటించాడు. మూడు వందల డెబ్బై రెండు. చీటీ ఆయనకు కంఠతా వచ్చు. సూది తీసి ఇన్సులిన్ సీసా చేతిలోకి తీసుకున్నాడు.

నేను డబ్బా తెర చూశాను. ఎనిమిది.

పొద్దున నూటపద్దెనిమిదికి ఇరవై రెండు ఉన్న మనిషికి, మూడు వందల డెబ్బైకి ఎనిమిది ఎట్లా ఉంటుంది? నా పొట్ట మీద అంకెలు జత ఎద్దుల్లా నడిచాయి. ఇక్కడ ఒకటి కొండెక్కితే ఒకటి బావిలో దిగింది. సరుకు మంచిది. వైరు ఎవరూ లాగలేదు, నేనే సాక్షిని. నోట్లో ఏమీ పోలేదు, దానికీ నేనే సాక్షిని. ఇక మిగిలింది వేలు. ఆ వేలి మీద బెల్లం పొడి మెరుస్తోంది. భాయ్ కుళాయి, బజ్జీల నూనె అప్పుడు గుర్తొచ్చాయి.

సీసా లాక్కున్నాను. చెంబుతో నీళ్ళు తెప్పించి, ఆయన ఎడమచేతిని పట్టుకుని గోళ్ళ సందులదాకా కడిగి, నా చొక్కాతో తుడిచి, ఇంకో వేలు పొడిచాను.

నలభై ఆరు.

ఇంకో నాలుగు యూనిట్లు వేసుకుని ఉంటే ఏమయ్యేదో డాక్టరు తరువాత చెప్పాడు. ఆ వాక్యం ఇక్కడ రాయను.

చుట్టూ నాలుగు టన్నుల బెల్లం ఉంది. చేతికందిన అచ్చు పగలగొట్టి ముక్క ఆయన నోటి దగ్గర పెట్టాను. పళ్ళు బిగించాడు. నా చేతిని కొట్టేశాడు.

"నాలిక మింద... పెట్టను. పెట్టనని చెప్తాండా."

"అన్నా, ఇది మందు. తిను!"

"దొంగనంటారు. పెట్టను."

కళ్ళు ఎటో పోతున్నాయి, ఒట్టు మాత్రం పోలేదు. ఇద్దరు కూలీలు పట్టుకున్నా దవడ విప్పలేకపోయారు. ఎవరో లోపలికి పరుగెత్తారు. ఆమె వంటింట్లోంచి పిండి చేతులతోనే వచ్చింది. మీటరు చూపించి, రెండు ముక్కల్లో చెప్పాను. ఆమెకు అంకెలు నాకంటే బాగా తెలుసు. ఆయన ముందు కూర్చుని గడ్డం పట్టుకుంది.

"ఒట్టు నాకు కదా పెట్టినావు? నేనే తీసేస్తాండా. నోరు తెరువు."

తెరిచాడు. చిన్నపిల్లవాడికి పెట్టినట్టు ఆమె ముక్క తరువాత ముక్క పెడుతూ పోయింది. కాసేపటికి చెమట ఆరింది. చూపు కుదురుకుంది. చప్పరిస్తూ చప్పరిస్తూ ఆగిపోయాడు. మొహం చిట్లించాడు.

"ఇది చవుడు నేల సరుకు. మంచి సరుకులో ఎవడు కలిపినాడు దీన్ని?"

ఎనిమిది నెలల తరువాత ఆయన నాలుక అన్న మొదటి మాట అది. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చిందో నవ్విందో నాకు తెలియదు. బేరగాడు మాత్రం గట్టిగా నవ్వి, ఆ సరుకు తనకొద్దన్నాడు.

సాయంత్రం అందరం క్లినిక్‌లో ఉన్నాం. డాక్టరు గీత చూశాడు. కడిగిన వేలి అంకె ఒక్కటి పడగానే గీత దారిలోకి వచ్చింది. మొదటి మూడు రోజుల కాగితం కూడా తీసి పక్కన పెట్టాడు. గీత తెగిన చోట్లన్నీ మండీ వేళలే. నాలుకకు బదులు వేళ్ళతో చూడటం మొదలుపెట్టాకే అంకెలు పెరిగాయి. అంకెలు పెరిగితే డాక్టరు డోసు పెంచాడు. అంటే ఆయన ఒట్టు ఎంత గట్టిగా నిలబెట్టుకుంటే అంత పెద్ద దొంగ అయ్యాడు.

"చేతులు కడుక్కోమని నువ్వు చెప్పలేదా?" అన్నాడు డాక్టరు నాతో.

"కాగితంలో ఉంది సార్, మొదటి వాక్యం" అన్నాను.

"నేను అడగలేదు" అన్నాడు మళ్ళీ ఆయనే. ముగ్గురం కలిసి ఆయన పొట్టలో తీగ దించాం గాని, అన్నా, పొద్దుటి నుంచి ఆ వేళ్ళతో ఏం ముట్టుకున్నావు అని ఒక్కరమూ అడగలేదు. అడిగితే దుడ్లు రావు గనకేమో.

అక్కడే డాక్టరుకు తేదీ సంగతి, నా భయం, నేను ఆడిన అబద్ధం చెప్పేశాను. ధైర్యం వచ్చి కాదు. నేను చెప్పకపోతే భాయ్ చెప్పేస్తాడని. డాక్టరు డోసు తగ్గించాడు, చీటీ చించేశాడు. నాతో ఆ తరువాత ఏడాదిపాటు మీటరు పట్టీల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది చాలా తక్కువ. మిషను మొదటి మూడు రోజుల్లోనే నిజం చెప్పింది. కూతలు పెట్టి మరీ చెప్పింది. నేను కూత ఆపే మీట నేర్పించాను. మనిషిని అనుమానించడానికి మాకు ఊపిరి తీసుకునేంత సేపు పట్టలేదు. వేలిని అనుమానించడానికి పది రోజులు పట్టింది.

ఆ మిషను ఇంకో నలుగురికి పెట్టాను. మిగిలిన సెన్సార్లు ఏడు, గడువు తీరి, దోసెపిండి పక్కనే చచ్చిపోయాయి. కొన్నాళ్ళకు కంపెనీ కొత్త రకం తెచ్చింది. నా డబ్బాకు విడిభాగాలు దొరకడం ఆగిపోయింది. పాత సామాన్ల బండివాడు దానికి పది రూపాయలు ఇస్తానంటే పదిహేను అడిగాను. పన్నెండుకు తెగింది. పెట్టిన డబ్బులో మూడోవంతు కూడా తిరిగి రాలేదు. టీలో పంచదార మానేశాను. అది లాభంలో రాసుకోవాలో నష్టంలో రాసుకోవాలో ఇప్పటికీ తేలలేదు.

ఇక ఆఖరి బిల్లు.

వారం తరువాత రెండో సెన్సారు డబ్బుల కోసం మండీకి పోయాను. సిగ్గులేదా అంటే, ఉంది, దానితో పాటే పోయాను. గద్దె పక్కన బకెట్టు నీళ్ళు, సబ్బు, ఉతికిన తువ్వాలు ఉన్నాయి. సావుకారు చేయి చాచి, మా చేతుల మీద ఇంకో తువ్వాలు కప్పాడు. లోపల నేను సగం ధరకు వేళ్ళు పట్టాను. ఆయన నా వేళ్ళన్నీ మూసి పిడికిలి చేశాడు. ఆ భాషలో దానికి అర్థం, ఏమీ లేదని.

"మొదటిది నిజమే చెప్పింది, మీరు వినలే. దానికి ఇచ్చిన దుడ్లు సరిపాయ" అన్నాడు. "రెండోది ఏంటికి పెట్టాల్సి వచ్చింది? వైరు నేను పీకినానని నువ్వన్నందుకు. అది నా లెక్కలోకి యాడ వస్తాది?"

"రాదన్నా" అన్నాను.

"అయితే బిల్లు రాయి. నీ పేరు మింద."

సెన్సారు ఒకటి అని రాశాను. నేను కొన్న సగం ధర వేయబోతే ఆయన కలం పట్టుకుని ఆపాడు. "నాకు ఎంతకు అమ్మినావో అంతే రాయి." రెండు వేల ఎనిమిది వందలు అని రాశాను. కొన్నవారు అన్న చోట నా పేరు. "ఏంటికి కొన్నావో అది కూడా రాయి" అన్నాడు. అట్లాంటి గడి బిల్లులో ఉండదు. అడుగున ఖాళీ ఉంటే అక్కడ రాశాను: వైరు ఎవరూ లాగలేదు, బెల్లం ఎవరూ తినలేదు. సంతకం పెట్టాను.

ఆయన దాన్ని రెండుసార్లు చదువుకుని, బిల్లు పుస్తకంలోంచి చింపి తీసుకుని, లోపలికి కేక వేశాడు. ఆమె వచ్చి చేతులు తుడుచుకుని అందుకుంది. అడుగున రాసింది చదివి, మొత్తం దగ్గర వేలు పెట్టి, "అబద్దానికి ఇంతేనా?" అని నన్ను అడిగింది.

అంతేనన్నాను.